ముప్పయ్యో సీటు

కెసాదా, జూలై 8, సోమవారం

బంగారు తీస్కర్,

పై డబ్బాలో చోరిసో సాసేజీ వేసిన పప్పు, కింది దానిలో నూనెలో వేయించిన క్రోకెటాలు. పోయినసారి డబ్బాలు ఇస్తుంటే గ్రనాడా బస్సు డ్రైవరు యూసెబియో నా చేతిలో ఉత్తరం చూసి, "మీ తల్లీకూతుళ్లకు ఫోన్లు లేవా, రెమె?" అని వెక్కిరించాడు. "ఫోన్లో అయితే అన్నింటికీ 'బాగానే ఉందమ్మా' అంటుంది. కాగితం మీద అబద్ధం రాయాలంటే కాస్త ఒళ్లు వంచాలి" అన్నాను.

ఆర్కైవ్స్ మాస్టర్స్‌కి ఎంపికైనవాళ్ల జాబితా ఇవాళే కదా. నీకు సీటొచ్చిందా? మీ నాన్న డామినోలు ఆడే బార్లో అందరికీ ముందే చాటింపు వేసేశాడు. మే నెలలో డిగ్రీ వేడుకలో వేదిక మీద నీ మెడలో పట్టీ వేసిన ఫోటో పర్సులోంచి తీసి మరీ చూపిస్తున్నాడు.

నాలుగు డబ్బాలు నీ దగ్గరే ఉండిపోయాయి. తిరిగి పంపు.

ముద్దులతో,
అమ్మ

*

గ్రనాడా, జూలై 9, మంగళవారం

అమ్మకు,

పప్పు నిన్ననే అయిపోయింది. క్రోకెటాలు నాతో ఉండే ఇన్మా తినేసింది. వేసవి అయ్యాక తను గది ఖాళీ చేస్తుందట.

జాబితా వచ్చింది. ముప్పై సీట్లు. నాకు రాలేదు గానీ, వెయిటింగ్ లిస్టులో మొదటిదాన్ని నేనే. శుక్రవారం మధ్యాహ్నం రెండింటిలోగా ఆ ముప్పైమందిలో ఎవరైనా సీటు ఖాయం చేసుకోకపోతే అది నాకే వస్తుంది. నాన్నకు అప్పుడే ఏమీ చెప్పకు.

డబ్బాలు మూడే పంపుతున్నాను. నాలుగోదాని మూత దొరకడం లేదు.

నీ
తీస్కర్

*

కెసాదా, జూలై 10, బుధవారం

నా చిట్టితల్లీ,

ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ మాస్టర్స్‌కి నేనూ దరఖాస్తు పెట్టాను.

నీకు పోటీ రావాలని కాదు. వృద్ధాశ్రమంలో నలభైమందికి వండుతూ, దూరవిద్యలో ఎనిమిదేళ్లు లాగి తెచ్చుకున్న డిగ్రీ, సొరుగులో ఊరికే పడుంది. ఎలాగూ రాదులే అనుకుని పంపాను. మార్కుల సగటు చూసి ఇచ్చారు. ముప్పయ్యో సీటు, చిట్టచివరిది, నాది. నా వెనకే నువ్వు.

కన్నకూతురి నోటికాడ కూడు తీసిన తల్లినయ్యాను. మీ నాన్నకు చెబితే, "యాభై మూడేళ్లొచ్చాక చదివి ఎవర్ని ఉద్ధరిస్తావే?" అన్నాడు.

శుక్రవారం నేను ఖాయం చేసుకోను. సీటు నీకొస్తుంది. నన్ను క్షమించు.

తప్పు చేసిన
మీ అమ్మ

*

గ్రనాడా, జూలై 11, గురువారం

అమ్మా,

నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. "సీటు వదులుకోకు" అని మెసేజ్ పెట్టాను. ఎందుకు వద్దంటున్నానో ఇక్కడ రాస్తున్నాను.

నేను అసలు దరఖాస్తే పెట్టలేదు. పెట్టడానికి నాకు డిగ్రీ లేదు. పాత దస్తావేజుల రాతలు చదివే పేపరు రెండుసార్లు పోయింది. చివరి ప్రాజెక్టు మొదలే పెట్టలేదు. మే నెల వేడుకకు అన్నీ పాసవ్వక్కర్లేదమ్మా, చివరి ఏడాది వాళ్లు ఎవరు పేరిచ్చినా పట్టీ వేస్తారు. ఆ సాయంత్రమే చెబుదామనుకున్నాను. నాన్న నన్ను పట్టుకుని ఏడ్చాడు. నేను నవ్వుతూ ఫోటోకి నిలబడ్డాను. ఆ తర్వాత ఒక్కో అబద్ధానికీ ఇంకోటి తోడు కావలసి వచ్చింది.

నువ్వు నన్ను క్షమించమని అడిగావు. అది చదివాక ఇక దాచలేకపోయాను. లేని నా వంతు కోసం ఉన్న నీ సీటు పారేసుకోకు. అలా జరిగితే నేను నీకు మొహం చూపించలేను.

తీస్కర్

*

కెసాదా, జూలై 12, శుక్రవారం

నా తీస్కర్‌కు,

నాకు ముందే తెలుసు.

మంగళవారం నీ ఉత్తరం చదవగానే ఆశ్రమం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ జాబితాలో పేర్లుండవు కదా, గుర్తింపు కార్డులోని నాలుగంకెలు మాత్రం చూపించి మిగతావి చుక్కలు పెడతారు. నీ కార్డు తీయించింది నేను. అప్పుడు నీకు తొమ్మిదేళ్లు, ఫోటోకి నాలుక బయటపెట్టి కార్డులిచ్చే పోలీసాయన చేత రెండుసార్లు తీయించావు. ఆ అంకెలు నాకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. ముప్పైమందినీ చూశాను, వెయిటింగ్ లిస్టు చూశాను, తిరస్కరించిన దరఖాస్తుల జాబితా కూడా చూశాను. నువ్వెక్కడా లేవు.

ఇప్పుడు నా తప్పు విను. నీ అంకెలు కనబడనప్పుడు నాకు ముందు కలిగింది కోపం కాదు, బాధా కాదు. సంతోషం. అయితే ఈ సీటు నాదే అని. నీకేమైందో అన్న ఆలోచన ఆ తర్వాతే వచ్చింది. బుధవారం పొద్దున్నే సీటు ఖాయం చేసుకున్నాను. చేసుకున్న గంటకు కూర్చుని, వదులుకుంటానని నీకు రాశాను. నీ చేత నిజం చెప్పించడానికే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిన్న నువ్వు ఫోన్ చేస్తుంటే, మోగుతున్న దాని ముందే చేతులు కట్టుకుని కూర్చున్నాను. అబద్ధమాడి నిజం రాబట్టినదాన్ని, నిన్ను ఏమని తిట్టను?

సెప్టెంబరులో వస్తున్నాను. ఇన్మా గది ఖాళీ చేస్తుందన్నావుగా, అది నాకు అట్టేపెట్టు. పాత రాతల పేపర్లో నాకు పదికి తొమ్మిది వచ్చాయి, నేర్పిస్తాను. ప్రాజెక్టు మాత్రం నువ్వే రాసుకోవాలి, మీ నాన్నకూ నువ్వే చెప్పుకోవాలి. నేను వెళ్తున్న సంగతి నేను చెప్పేశాను. ఆయన "మరి నాకు వండేదెవరు?" అన్నాడు. "యూసెబియో బస్సులో డబ్బాలొస్తాయిలే, ఖాళీవి తిరిగి పంపు" అన్నాను.

ఆ సంతోషం ఒక్క నిమిషమే ఉంది. చెప్పకుండా ఉండొచ్చు. కానీ వచ్చే ఏడాదంతా మనిద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని చదువుకోవాలి.

ఆ మూత వెతుకు.

నిన్ను క్షమించిన, నీ క్షమ కోసం చూస్తున్న
అమ్మ