గోదావరి ఈదిన మాస్టారు

1966 మే 1, ఆదివారం

ఉదయం 4:45. అలారం మోగకముందే లేచాను! శుభసూచకం.

నేను, జగన్మోహనరావు, నాంపల్లి హైస్కూల్లో లెక్కల మాస్టారిని, రేపటి నుంచి మా బడి ఈత జట్టుకు కోచ్‌ని. హెడ్మాస్టరు వామన్‌రావుగారు పిలిచి మరీ అప్పగించారు. "మీరు గోదావరోళ్లు. ఈత మీకు నడక లెక్కనే గద!" అన్నారు. తప్పు నాదే. ఆ మధ్య స్టాఫ్ రూములో మాటమీద మాట పెరిగి, గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదానని చెప్పాను. నిజానికి లాంచీలో దాటాను. అదీ సరిగ్గా నడిమధ్యన కూర్చుని.

సంగతి ఇది. అబిడ్స్‌లో ఒక క్లబ్బువాళ్లు వాళ్ల స్విమ్మింగ్ పూలును ఈ నెలంతా పొద్దున ఒక గంట మా పిల్లలకు ఇచ్చారు. 29న బడుల పోటీలు. ఒక్క పతకం తెస్తే ఆ గంట ఏడాది పొడుగునా మాదే. తేకపోతే జట్టూ లేదు, ఈతా లేదు.

నియమాలు (గోడకు అంటించాను):
1. సరిగ్గా 5:30కి పూలు దగ్గర.
2. ఈ చివర నుంచి ఆ చివరకు రోజూ నలభై సార్లు.
3. ప్రాక్టీసు తరవాత ఇరానీ హోటలు గడప తొక్కరాదు.
4. జాలి చూపరాదు.
5. (ఇది గోడమీద లేదు.) నెల తిరిగేలోగా నేనూ ఈత నేర్చుకోవాలి. రహస్యంగా.

మా ఆవిడ నాగరత్నం గోడ చదివి, "పెళ్లిలో కాలవగట్టున కాళ్లు కడుక్కోడానికి మా తమ్ముడి చెయ్యి పట్టుకున్నారు, మర్చిపోయారా?" అంది. భార్యలకు ఇంత జ్ఞాపకశక్తి దేనికో.

మే 2

5:28! రెండు నిమిషాలు ముందే!

జట్టులో ఆరుగురు. అందరివీ పనుల కోసం పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు. అందరూ ఊళ్లో బావుల్లో ఈత నేర్చినవాళ్లే. వాళ్లలో మేటి నర్మద, పన్నెండేళ్ల పిల్ల. వాళ్లమ్మ యాదవ్వ ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిరపకాయలు ఏరే పని చేస్తుంది.

"ఊరు ఇడిసినంక ఈత కొట్టుడే లేదు సార్. గీడ బాయిలు లెవ్వు" అంది నర్మద. ఆ వెంటనే దూకింది. నా చొక్కా మొత్తం తడిసింది. ఏం ఈత! ఏం ఈత! పతకం జేబులో ఉన్నట్టే.

మే 4

చిన్న చిక్కు. ఒక్కరూ తిన్నగా ఈదరు. అందరూ గుండ్రంగా తిరుగుతున్నారు.

"బాయిల గట్లనే తిరుగుతరు గద సార్" అన్నాడు బిచ్చయ్య. జట్టులో పెద్దవాడు, పద్నాలుగేళ్లు.

విజిలు ఊదుతూ పూలు చుట్టూ పన్నెండు ప్రదక్షిణలు చేశాను. "నన్నే చూస్తూ ఈదండి!" అని గొంతు చించుకున్నాను. చూస్తూనే ఉన్నారు. అయినా తిరుగుతున్నారు. విసుగొచ్చి నేను వెనక్కి తిరిగి నడిస్తే వాళ్లూ వెనక్కి తిరిగి ఒకరినొకరు గుద్దుకున్నారు. మొండిఘటాలు!

నియమం 5: ఇంట్లో పీటమీద బోర్లా పడుకుని చేతులు ఆడించాను. చక్కగా వస్తోంది!!

మే 7

ఉపాయం! అఫ్జల్‌గంజ్ వెళ్లి కొబ్బరితాడు తెచ్చాను. పూలు పొడవునా కట్టాను. తాడుకు ఇటూ అటూ తిన్నగా ఈదాలి.

6:05. తాడు తడిసింది. మునిగింది.
6:10. బిచ్చయ్య దాన్ని పట్టుకుని సేదతీరుతున్నాడు.
6:12. ఆరుగురూ.

నియమం 5: గంగాళంలో మొహం పెట్టి ఊపిరి బిగబట్టాను. పదకొండు లెక్కపెట్టేసరికి నాగరత్నం వచ్చి గంగాళం కావాలంది. లేకపోతే ఎంతసేపైనా ఉండేవాణ్ణి.

మే 10

5:50. (బస్సు.) నలభైకి ఇరవై రెండు.

నియమం 3 పిల్లల కోసం పెట్టింది. నేను పిల్లవాణ్ణి కాను కదా! వాళ్లను పంపించి, మూల హోటల్లో చాయ్, రెండు సమోసాలు. రెండోది కొరుకుతూ తల ఎత్తితే అద్దం తలుపు అవతల ఆరు మొహాలు. పన్నెండు కళ్లూ నా సమోసా మీదే.

మొత్తం ఏడు చాయ్‌లు. నియమం 4 కూడా అక్కడే పోయింది.

మే 14

"సార్, మీరు ఎన్నడు దిగుతరు? గోదారి ఈత జర మాకు సుత సూపియ్యరా?" అని నర్మద రోజూ అడుగుతోంది. ఇప్పటిదాకా నేను చెప్పిన కారణాలు:

జలుబు.
చేతికి కొత్త గడియారం.
మంగళవారం.
జంధ్యం తడిస్తే ఆరదు.
గోదావరి ఈత ఇంత చిన్న పూలులో పట్టదు.

చివరిదాన్ని నోరు తెరుచుకుని విన్నారు. నమ్మారు. నాకేమీ సంతోషంగా లేదు.

మే 18

6:10. (తలనొప్పి.) పది సార్లు. వాళ్లు ఇంకా ఈదుతామన్నారు. నేనే వద్దన్నాను, నాకు కళ్లు తిరుగుతున్నాయి.

పూలు కడిగే బాలమల్లు చాలా రోజులుగా నన్ను చూస్తున్నాడు. ఇవాళ చీపురు పక్కన పెట్టి వచ్చాడు.

"సార్, ఒక్క మాట. మీరు తిరుగుతున్నరు. గందుకే వాళ్లు తిరుగుతున్నరు."

"అంటే?"

"బాయిల ఈత నేర్పేటోడు గడ్డమీద తాడు వట్టుకొని సుట్టు తిరుగుతడు. పోరగాండ్లు ఆయన మొకం సూసుకుంటనే ఈదుతరు. మీరేమో నన్నే సూడుండ్రి అంటిరి. ఇగ మీరు యాడుంటె ఆడికే వస్తరు."

పదిహేడు రోజులు! వృత్తాలు గీసింది నేను!

"మరెక్కడ నిలబడాలి?"

"గా కొసకు. కదలకుండ."

మే 19

కొసన నిలబడ్డాను. కదల్లేదు. నర్మద గీత గీసినట్టు నా కాళ్ల దగ్గరికి వచ్చి గోడ ముట్టుకుంది!!! బాలమల్లును కౌగిలించుకున్నాను. చాయ్‌లు ఎనిమిది.

మే 28

రేపే పోటీ. నియమాలు ఒకసారి చూసుకున్నాను. ఐదులో ఐదూ పోయాయి. గంగాళం తరవాత నేను నీళ్లలో వేలు కూడా పెట్టలేదు. అయినా నర్మద తిన్నగా ఈదుతోంది. కోచ్ కదలకుండా నిలబడితే చాలు. నిలబడటం నాకు వచ్చు.

మే 29, ఆదివారం

నిలబడటం కూడా రాదు.

4:10. ఆడపిల్లల పందెం. లోతు వైపు నుంచి బయలుదేరి లోతులేని కొసకు రావాలి. కొసన గడియారాలు పట్టుకున్న పెద్దమనుషులు వరసగా నిలబడిపోయారు. నేను నర్మదకు కనిపించను! ఇద్దరి మధ్యలోంచి దూరి, అంచుమీద నిలబడి, చేతులు ఊపుతూ "నర్మదా! ఇటు!" అని అరిచాను.

వచ్చింది. అందరికంటే ముందు. బారెడు ముందు! సంతోషం పట్టలేక ఇంకాస్త వంగాను. కింద రాయి తడిగా ఉంది.

నీళ్లు. చెవుల్లో, ముక్కులో, నోట్లో. దేవుళ్లందరినీ పిలిచాను, నాగరత్నాన్ని కూడా. చేతులు ఆడించాను, పీటమీద నేర్చుకున్నదేదీ పనిచేయలేదు. అయిపోయింది అనుకున్నాను.

ఎవరో కాలరు పట్టుకుని లాగారు.

"సార్! లేసి నిలవడుండ్రి!"

నిలబడ్డాను. నీళ్లు నడుము దాకా ఉన్నాయి.

చుట్టూ నవ్వులే నవ్వులు. ఆ నవ్వులు బషీర్‌బాగ్ దాకా వినిపించి ఉంటాయి. నర్మద గోడకు రెండు బారల దూరంలో పందెం వదిలేసి నా కాలరు పట్టుకుని ఉంది. మిగతా పిల్లలందరూ గోడ ముట్టుకున్నారు. మగపిల్లల పందెంలో బిచ్చయ్యకు నాలుగో స్థానం. పతకం లేదు.

"ముందు గోడ ముట్టుకోవచ్చు కదమ్మా! అక్కడ లోతు లేదని నీకు తెలుసు కదా?" అన్నాను.

"నాకు ఎర్కనే సార్. మీకు ఎర్క లేదు గద" అంది.

నా అబద్ధం వల్ల ఆ పిల్లకున్న ఒక్క గంట నీళ్లు పోయాయి. సిగ్గుతో చచ్చిపోయాను. మునిగినప్పటికంటే ఎక్కువ.

మే 31

వామన్‌రావుగారి గదిలో అన్నీ చెప్పేశాను. లాంచీతో సహా. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. నవ్వు ఆపుకోడానికని తరవాత తెలిసింది.

అప్పుడు క్లబ్బు సెక్రటరీ రాసిన ఉత్తరం చదివారు. గెలిచే పందెం వదిలేసి మాస్టారిని పట్టుకున్న పిల్లను పూలుకు రావద్దని చెప్పలేరట. అలాగని, ఈత రాని మాస్టారి చేతిలో పిల్లల్ని పెట్టలేరట. కాబట్టి జూన్ నెలంతా కూడా ఆ గంట ఇస్తారట, నెలాఖరున సదరు మాస్టారు పూలుకు అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడకు, ఒక్కసారి ఈది చూపించాలి. చూపిస్తే ఏడాది పొడుగునా ఆ గంట మా బడిదే. లేకపోతే లేదు.

"ఏమంటరు జగన్మోహనరావుగారూ?"

సాయంత్రం పూలు దగ్గరికి వెళ్లి అడ్డం ఎంతో కొలిచాను. పన్నెండు గజాలు. గోదావరి కంటే వెడల్పుగా కనిపిస్తోంది.

జూన్ 1

5:25! ఐదు నిమిషాలు ముందే!

ఆరుగురూ అప్పటికే వచ్చి ఉన్నారు. కొత్త నియమాలు నర్మద చెప్పింది, నేను రాసుకున్నాను. జలుబు చెల్లదు. మంగళవారం చెల్లదు. ఈత వచ్చేదాకా సార్‌కు చాయ్ లేదు.

"మాకు ఉంటది" అన్నాడు బిచ్చయ్య.

జంధ్యం చెవికి చుట్టుకుని మెట్లు దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. నాకు భయంగా ఉంది, ఆ మాట వాళ్లకు చెప్పాను కూడా. చెప్పాక కొంచెం తేలికైంది. ఎవ్వరూ నవ్వలేదు. నర్మద ముందు దిగి రెండు చేతులూ చాచింది.

ఇవాళ మూడో మెట్టు దాకా వెళ్లాను. రేపు తప్పకుండా నాలుగోది!