నేను చదవని ప్యాచ్ కింద నా పేరు

జూలై 14, సోమవారం

నా పేరే. స్పెల్లింగుతో సహా నాదే. పక్కన నా ఆఫీసు మెయిల్ ఐడీ. పైన ప్యాచ్ — కోడ్‌లో చేసిన మార్పు.

ఆ ప్యాచ్ నేను చదవలేదు.

పొద్దున తొమ్మిదింటికి కెర్నల్ మెయిలింగ్ లిస్టులో — కంప్యూటర్ల అడుగున నడిచే కోడ్ రాసేవాళ్ళందరూ మాట్లాడుకునే చోట — ఒక ఉత్తరం. రాసినామె పేరు యానా. యూరప్‌లో ఎక్కడో చిన్న కంపెనీ, కంటి ఆపరేషన్ గదుల్లో పెట్టే తెరలు తయారు చేస్తారట. పోయిన వారం ఒక ఆపరేషన్ మధ్యలో వీడియో కేబుల్ ఊడింది. వెంటనే మళ్ళీ గుచ్చారు. తెర వెలగలేదు. డాక్టరు మైక్రోస్కోపులోనే చూస్తూ పని పూర్తి చేశాడు. ఎవరికీ ఏమీ కాలేదని రెండుసార్లు రాసింది... ఆ రెండోసారి రాసిందే నన్ను భయపెట్టింది. ఎందుకిలా అయిందని వెతుక్కుంటూ పోతే తెరను నడిపించే కోడ్, మా కంపెనీ పంపిన డ్రైవర్ దగ్గర తేలిందట.

కోడ్ రాసింది మధన్న — మధుసూదన్, మా టీమ్ లీడ్. చదివి సరిగ్గా ఉందని పూచీ పడినవాళ్ళ వరసలో ఒక్కటే పేరు. శిరీష.

ఆఖరి వాక్యంలో ఊరికే అడిగింది — శిరీష గారూ, ఈ చోట మీకు అనుమానం రాలేదా అని. తిట్టి ఉన్నా ఇంత ఉండేది కాదు.

లిస్టులో వేలమంది. అందరి ముందూ.

అదే రోజు, మధ్యాహ్నం

ఇప్పుడు చదివాను. మొదటిసారి.

బోర్డు మీద వీడియో కేబుల్ గుచ్చే కనెక్టర్ ఏ రకందో, కేబుల్ ఉందో ఊడిందో చెప్పే పిన్ను ఏదో ఒక చిన్న ఫైల్లో రాసి ఉంటుంది. డ్రైవర్ లేచేటప్పుడు ఆ ఫైలు చూసుకుని ఆ పిన్నును వెతుక్కోవాలి. జవాబు మూడు రకాలుగా రావచ్చు. ఉంది. లేదు. ఆగు, ఇంకా సిద్ధం కాలేదు. ఈ కోడ్‌లో మూడోదీ రెండోదీ ఒకటే అయిపోయాయి. ఆగమంటే లేదనుకుని ముందుకు పోతుంది. ఆ తర్వాత కేబుల్ ఊడినా పెట్టినా దానికి తెలియదు.

రెండు నిమిషాల్లో కనిపించింది. నా కంట పడి ఉంటే వదిలేదాన్ని కాదు.

ప్యాచ్ తేదీ చూశాను. పోయిన నవంబరు. నాయనమ్మ పోయిన రోజు. నేను నాయనమ్మ ఊరు ఈపూరులో ఉన్నాను, ల్యాప్‌టాప్ ఇక్కడ నరసరావుపేటలో బీరువాలో ఉంది.

అంటే నా పేరు ఇంకెవరో పెట్టారు.

జూలై 15, మంగళవారం

మధన్నకు ఫోన్ చేశాను. ఆయన గురజాలలో ఇంటి నుంచే పని చేస్తారు. నాకు ఈ ఉద్యోగం చూపించింది ఆయనే, డ్రైవర్ అంటే ఏమిటో నేర్పింది ఆయనే. అందుకే గొంతు పెంచకుండా అడిగాను.

"నువ్వే పెట్టమన్నావు గదమ్మాయ్" అన్నారు.

ఎప్పుడన్నానో చెప్పమన్నాను.  దానికి పోనీలే అన్నారు. కోడ్ రాసింది తనే కాబట్టి తప్పూ తనదేనట. ఫోన్ పెట్టేశారు.

పోనీలే ఏమిటి? పేరు నాది. నేను అననిదాన్ని అన్నానని చెప్పి, ఆ తర్వాత పోనీలే అంటారా. అదీ మధన్న.

హైదరాబాదులో మేనేజరుకు రాశాను. ఐదు వాక్యాలు. నాకు తెలియకుండా నా పేరు వాడారని. పంపాక ఇంకోసారి చదువుకున్నాను. ఎక్కడా తప్పనిపించలేదు.

జూలై 16, బుధవారం

మధన్న లాగిన్‌ను కంపెనీ వాళ్ళు ఆపేశారు. గ్రూపులోంచి తీసేశారు. ఇంత త్వరగా చేస్తారనుకోలేదు...

అదే రోజు, సాయంత్రం

నాన్నకు చెప్పాను. ముప్పై ఏళ్ళుగా రిజిస్ట్రారాఫీసు ముందు దస్తావేజులు రాసే మనిషి. కెర్నల్ అంటే తెలియదు, కనెక్టర్ అంటే తెలియదు. సాక్షి సంతకం లాంటిది అన్నాను, అంతే, చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు.

"సాక్షి సంతకం జేసినోడు ఆస్తి ఏం తినడమ్మా. గొడవొచ్చినప్పుడు మాత్రం కోర్టోళ్ళు ముందు వాణ్ణే పిలుస్తారు. చదివి పెట్టావా, చదవకుండా పెట్టావా — అదే అడిగేది."

నేను అసలు పెట్టనే లేదన్నాను. దొంగ సంతకమని చెప్పాను.

"అయితే వదలమాక" అన్నారు.

ఆ మాటతో కాస్త అన్నం తినగలిగాను.

జూలై 17, గురువారం

ఏం రాయాలో తెలియడం లేదు.

మేనేజరు నవంబరు నాటి మెసేజ్‌లు ఉంటే పంపమన్నాడు. నేను మార్చిలో ఫోన్ మార్చాను. పాతది అమ్మ వాడుతోంది. వంటింట్లో మిక్సీ పక్కన ఉంటే తీసుకున్నాను. మధన్న పేరు కోసం వెనక్కి, వెనక్కి... ఏమీ ఉండదన్న నమ్మకంతోనే. ఏమీ లేదని ఫోటో తీసి పంపుదామనే.

ఆ రోజు ఆయన నుంచి ఒక మెసేజ్. నాయనమ్మ సంగతి ఇప్పుడే తెలిసిందమ్మా, ఇట్టాంటప్పుడు అడగకూడదు, ఈ సాయంత్రంతో గడువు అయిపోతోంది, నీకు తప్ప ఈ డ్రైవర్ ఇంకెవరికీ తెలియదు, ఒక్కసారి చూడగలవా అని.

కింద నా జవాబు. వాయిస్ మెసేజ్. పద్నాలుగు సెకన్లు.

నొక్కాను.

"అన్నా, ఇక్కడ కుదరదన్నా. మీరు చూశారుగా... నా పేరు పెట్టేయండి, పర్లేదు."

నా గొంతు. జలుబు చేసినట్టుంది, ఏడ్చి ఏడ్చి ఉన్నట్టుంది, కానీ నాదే. వెనక అంతా ఏడుపులు.

ఆ మాట అన్నట్టు నాకు గుర్తు లేదు. ఇప్పుడు కూడా లేదు. ఎక్కడ నిలబడి అన్నాను, ఎవరు పక్కన ఉన్నారు, ఏదీ లేదు. ఆ రోజు నీళ్ళు పోయడం గుర్తుంది, దండలు గుర్తున్నాయి, మా అత్త నన్ను పట్టుకుని ఊగడం గుర్తుంది. ఇది లేదు.

నాలుగుసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ అదే అన్నాను.

అమ్మ వచ్చి పాలు పొంగిపోతున్నా చూడవేంది అంది. స్టవ్ కట్టేసింది. నేను అక్కడే నిలబడ్డాను.

జూలై 18, శుక్రవారం

ఆయన దగ్గర కూడా ఈ మెసేజ్ ఉంటుంది. ఉండే ఉంటుంది. మరి ఎందుకు చూపించలేదు?

జూలై 19, శనివారం

గురజాల వెళ్ళాను. బస్సు పిడుగురాళ్ళ దాటే దాకా కిటికీ మూసే ఉంచాను, సున్నపు దుమ్ము. ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. ఆయన ఇంటి గేటు చూడగానే ఒక్కటీ మిగల్లేదు.

వదిన తలుపు తీసింది. రామ్మా అంది గానీ నవ్వలేదు. మంచినీళ్ళు ఇచ్చి, గ్లాసు తిరిగి తీసుకోవడానికి అక్కడే నిలబడింది.

మధన్న గదిలో బల్ల ఖాళీగా ఉంది. కంపెనీ ల్యాప్‌టాప్ అట్టపెట్టెలో పెట్టి టేపు వేసేశారు. కొరియర్ వాడు సోమవారం వస్తాడట. అదేదో మామూలు సంగతిలా చెప్పారు.

నేను పాత ఫోన్ తీసి మెసేజ్ నొక్కాను. నా మాట కూడా పూర్తి కాలేదు, చేత్తో ఆపమన్నారు.

"ఆపమ్మాయ్. నేనిన్నదే."

ఎందుకు చూపించలేదని అడిగాను. ఆయన వదిన వైపు చూశారు, కిటికీలోంచి చూశారు.

"ఎవురికి జూపిచ్చేది? దాంట్లో నీ మాట ముక్కంత. మిగతాదంతా ఏడుపే. మీ ఇంటి ఏడుపు తీసకపోయి ఆఫీసోళ్ళకు ఇనిపించమంటావా?"

ఫోన్ సంచిలో పెట్టేశాను.

చావింట్లో ఉన్న పిల్లను పని అడగడమే తన మొదటి తప్పని, కోడ్‌లో ఆ చోటు తప్పుగా రాయడం రెండోదని, కాబట్టి అడగకుండానే పేరు పెట్టానని కంపెనీకి రాసిచ్చేశానని చెప్పారు. మొన్న మంగళవారం నేను మేనేజరుకు రాసిన ఉత్తరం ఆయనకు చూపించారట. అందులో నా మాటలే ఆయన మళ్ళీ రాశారు.

 బయటికి వచ్చేటప్పుడు చెప్పుల దగ్గర వదిన నెమ్మదిగా అంది.

"చూపించమని నేను రెండ్రోజులు పోరు పెట్టా. ఇనలా. నువ్వన్నా రాసేముందు ఇంకొక్కసారి అడిగుంటే సరిపోయేది గదమ్మా."

బస్సులో దాచేపల్లి వచ్చిందని కండక్టరు అరుస్తుంటే తెలిసింది, పిడుగురాళ్ళ బస్సు కాదు, ఎదురు దిక్కుకు పోయే బస్సెక్కానని. దిగి, ఇంకో బస్సు పట్టుకుని వచ్చాను.

జూలై 20, ఆదివారం

రెండు ఉత్తరాలు రాశాను.

మొదటిది లిస్టుకు. ఆ ప్యాచ్ నేను చదవలేదు, చదవకుండానే నా పేరు పెట్టమన్నాను, మధుసూదన్ నన్ను అడిగే పెట్టారు. కారణాలేమీ రాయలేదు. నాయనమ్మ సంగతి రాసి, కొట్టేశాను.

రెండోది మేనేజరుకు. మంగళవారం నేను రాసింది అబద్ధం. అప్పుడు అబద్ధమని నాకు తెలియదు, అయినా అబద్ధమే.

రెండూ పంపేశాను. 

గంటలో యానా జవాబు వచ్చింది. చెప్పినందుకు థాంక్స్, ఇప్పుడు చదివారు కదా, సవరణ మీరే పంపుతారా అని. అది ఆరు వరసల కోడ్. ఆగమంటే ఆగేలా రాశాను. పంపబోయి మళ్ళీ చదివాను. మళ్ళీ చదివాను. ఇప్పుడు నా కోడ్ మీద నాకే నమ్మకం లేదు. రెండు నిమిషాల్లో కనిపించిందని సోమవారం రాసుకున్నాను — తప్పు ఉందని ముందే తెలిసి చూస్తే ఎవరికైనా కనిపిస్తుంది.

ఇంకా పంపలేదు.

జూలై 21, సోమవారం

మేనేజరు జవాబు. మర్యాదగానే ఉంది. అడగకుండా పెట్టానని మధుసూదన్ రాసిచ్చారు, మొదట మీరూ అదే అన్నారు, ఇప్పుడు ఆయన్ను కాపాడటానికి ఇలా అంటున్నారేమోనని మాకు అనుమానం. ఆధారం ఉంటే పంపండి. రేపు పదకొండింటికి మీటింగ్, హెచ్ఆర్ వాళ్ళు కూడా ఉంటారు.

ఆధారం పద్నాలుగు సెకన్లు.

మధన్నకు ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. వదిన ఎత్తింది. ల్యాప్‌టాప్ పెట్టె కొరియర్‌కు ఇచ్చేశారని చెప్పింది. ఫోన్ పెట్టేసింది.

నా మాట ఒక్కటే కత్తిరించి పంపుదామనుకున్నాను. కత్తిరించిన మెసేజ్‌ని ఆధారమని ఎవరు నమ్ముతారు? నమ్మినా ఏడుపు నా మాట వెనకే ఉంది, విడదీయడానికి లేదు.

ఆ ఏడుపు నా ఒక్కదానిది కాదు. నాన్నను అడగాలి. పోయింది ఆయన తల్లి.

ఒంటిగంటకు భోజనానికి వచ్చారు. ఉన్నదున్నట్టు చెప్పాను — దొంగ సంతకం కాదని, నేనే పెట్టమన్నానని, ఆయన వదలమాక అన్న మనిషి తప్పేమీ చేయలేదని. కంచం ముందు కూర్చుని చెయ్యి తడుపుకోకుండా విన్నారు. నన్నేమీ అనలేదు. ఫోన్ ఇమ్మన్నట్టు చెయ్యి చాపారు.

ఎవరో ఫోన్ చేసినట్టు చెవికి ఆనించుకున్నారు. విన్నారు. మళ్ళీ ఎక్కడ నొక్కాలని అడిగారు. మళ్ళీ విన్నారు.

రేపు పంపనా నాన్నా అన్నాను.

 ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని అడిగారు.

"నీ ఎనక ఆ మొగమనిషి... అంత ఇదిగా ఏడస్తన్నాడు, ఎవురమ్మా అది?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తల దించుకుంది.

మీరే నాన్నా — అనడానికి నోరు తెరిచేలోపు ఆయన మూడోసారి నొక్కారు.