పిడికెడు కొర్రలు

కర్నూలు, 1912 నవంబరు 20, బుధవారం.

ప్రియమైన నాయనకు జ్ఞానమణి నమస్కారాలు.

ఈ పొద్దు లేచి బయటికి రాగానే బోర్డింగు గేటు దగ్గర నీ చెల్లెలు, వరమ్మ అత్త కనబడింది. ఆత్మకూరు నుంచి బండిలో కొర్రల మూటతో వచ్చింది. ఆ సంగతి కొంచెం ఆగి రాస్తాను. ప్రభువు దయవల్ల అమ్మా నేనూ బాగున్నాం. నీ బాగు మాత్రం నీ చేతిరాత చూస్తేనే నమ్ముతాను.

బర్మాలో మీ నూనె కార్ఖానా గుమాస్తా అర్మేనియావాడని రాశావు కదా. బాకు అనే ఊళ్లో నూనెబావులున్న అర్మేనియా షావుకార్లు తమవాళ్లకు గుళ్లూ బళ్లూ కట్టించారనీ, వాళ్లలో ఒకాయన ఇతన్ని పరదేశం పంపి చదివించాడనీ, ఆ దాత ముఖం ఇతను ఎన్నడూ చూడలేదనీ. బడిలో పటం మీద బాకును వెతికి పట్టుకున్నాను. తర్వాత నా వేలు జరిగి జరిగి నీ దగ్గర ఆగిపోయింది. దీపాల్లో పోయడానికి సీమనూనె డబ్బా మూత తీసినప్పుడల్లా, నీ చొక్కా ఇట్లాగే వాసన వస్తుందేమో అనుకుంటాను.

ఈ వారం 'ఔదార్యం' అనే మాట నేర్చుకున్నాను. పలికితే నోరు నిండుతుంది.

"మనకు అట్లాంటి షావుకారు లేడు, నీ చదువు కోసం ఇక్కడే పనికి ఇంకో మూడేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టనా?" అని అడిగావు. వద్దు నాయనా. అమ్మ నీకు రాయవద్దన్నది ఇప్పుడు రాస్తున్నాను. నా తిండికి నీ డబ్బు పోవడం లేదు. మన సంఘం ఆడవాళ్లు ఎసరు పెట్టినప్పుడల్లా ప్రభువు గుడికని పిడికెడు గింజలు తీసిపెడతారు కదా. సంఘమంతా ఒప్పుకుని, రెండేళ్లుగా వాటిని నాకోసం పంపుతున్నారు. నీ డబ్బుతో అమ్మ గుట్టకింది చేను తాకట్టు విడిపించింది. నువ్వు వచ్చి కళ్లారా చూడాలని దాచింది. ఒకరి ముందు చేయి చాచనన్న నీ పంతానికి జడిసింది కూడా.

మూట చూసి నాకే సిగ్గేసింది. "వానల్లేని ఏడు మీకే చాలవు కదత్తా" అన్నాను.

"చాలకుంటే మాత్రం? ఎసట్లో పోసేముందు చెయ్యి దానంతటదే పక్కకు పోతాది. మీ నాయనకు రాయి పాపా, చేను బీడు పడుండాది, మడక పట్టేటోడు లేడని. మా అన్న ఆడ ఇంకో పొయ్యి రాజేసినాడేమో అది గూడా అడుగు" అంది.

ఆ గుమాస్తాకు చెప్పు నాయనా, నా దాతలందరి ముఖాలూ నాకు తెలుసు. మరిచిపోతున్నది నీ ముఖమే.

సంతకం పెట్టకు. రేపు పొద్దున బడిగంట కొట్టకముందే అత్తను వెంటబెట్టుకుని టపా కచేరీకి పోతాను. తలుపు తీయగానే అన్నిటికంటే ముందు ఈ జాబే ఇస్తాను.

ఇట్లు,
నీ దారి చూస్తున్న కూతురు
జ్ఞానమణి