ఏరకుండా వదిలిన రాయి

మరకైబో, 9 జనవరి 1955

ఎర్మెలిండా అక్కకు, నేను కులాసాగానే ఉన్నాను. మా బేస్‌బాల్ జట్టు షార్ట్‌స్టాప్‌కు దెబ్బ తగిలిందని రేడియోలో చెప్పింది నా గురించి కాదు, కంగారు పడకు.

పదకొండేళ్లుగా షార్ట్‌స్టాప్‌గా రెండో, మూడో బేసుల మధ్య నేను నిలబడే చోటికి బంతి నేల మీద దొర్లుతూ వస్తుంది. అందుకే అక్కడి గులకరాళ్లు ఎప్పటికప్పుడు ఏరి జేబులో వేసుకుంటాను. నిన్న ఆట మధ్యలో మేనేజరు, "ఎవారిస్తో, నీ కాళ్లు బరువెక్కాయి. ఈ ఇన్నింగ్స్ అయ్యాక కూర్చో, కుర్రాడు నెఫ్తాలి నీ చోట దిగుతాడు" అన్నాడు. ఆ ఇన్నింగ్స్ అయ్యి వెనక్కి వస్తుంటే ఒక రాయి కనబడింది. ఒళ్లు మండిపోతోంది. వంగలేదు.

తర్వాత వచ్చిన బంతి ఆ రాయికే తగిలి లేచి నెఫ్తాలి నోటి మీద పడింది. మూడు పళ్లు పోయాయి. ఆసుపత్రిలో వాచిన మూతితోనే, "నువ్వైతే పట్టేసేవాడివి అన్నా. నాకింకా చేతకాలేదు" అన్నాడు. తలగడ సర్ది వచ్చేశాను.

మేక ఈనిందా? వంటింటి రేకు ఇంకా కారుతోందా? బావగారి దగ్గు ఎలా ఉంది? మంగలి దుకాణంలో నా ఫొటో దించేయమను.

పిల్లలకు నా ముద్దులు. కవరు దొరక్క కార్డు రాశాననుకోకు. మన పోస్టుమాస్టరు హిలారియో ప్రతి కార్డూ చదివి, ఊరంతా చెప్పాకే నీకు ఇస్తాడని తెలిసే రాశాను.

నీ తమ్ముడు
ఎవారిస్తో