అవ్వ మంచం దిగనన్నది

బెల్లంపల్లి,
1961 సెప్టెంబరు.

పూజ్యులైన పోశం అన్నకు చెల్లెలు అనసూర్య నమస్కరించి రాయునది. ఇక్కడ నేను, మీ బావ, పిల్లలు క్షేమం. నువ్వూ షోలాపురంలో క్షేమంగానే ఉన్నావని నీ ఉత్తరం చూస్తే తెలిసింది. ఒంట్లో బాగాలేని మనిషి అన్ని తిట్లు రాయలేడు. దినాలకు వచ్చి నోరు విప్పనివాడివి, అక్కడికి చేరగానే ఎంత మాటకారివయ్యావు!

మనల్ని కన్న అవ్వ మంచం మీద పోయి నీ పరువు తీసిందని రాశావు. ఇది మన మేనమామ దశరథం నీకు ఎక్కించిన మాట. ప్రాణం పోయేముందు మనిషిని నేల మీదికి దించుతారని నాకూ తెలుసు. ఆయన దించాడు కూడా. అవ్వ కళ్లు తెరిచి, "నా మంచం ఎవలు గుంజుకున్నరు?" అని అడిగింది. సిగ్గుపడాల్సింది పోయి, మర్నాడు ఆయాసం ఎక్కువ కాగానే మళ్లీ దించాడు. వానలకు మా క్వార్టరు నేల ఎంత చెమ్మగా ఉంటుందో నీకేం తెలుసు? వచ్చినప్పుడల్లా నువ్వు పడుకున్నది మంచం మీదే కదా. ఆమె దగ్గలేక దగ్గుతుంటే మామ పక్కనే కూర్చుని బీడీ కాల్చాడు.

"బిడ్డా, నేల సల్లగున్నది. నన్ను ఇగ దించనియ్యకు. దోషముంటే నాకే ఉండనీ" అన్నది అవ్వ. నేనూ మీ బావా ఎత్తి మంచం మీద పడుకోబెట్టాం.

"ఆడిపిల్ల ఇంట్ల సచ్చుడే తప్పు, మల్ల మంచం మీదనా? పోశం రానీ, వాడే దించుతడు" అన్నాడు మామ. బీడీతో సహా బయటికి నడవమన్నాను. నేల అంత పుణ్యమైతే తన మంచం ఇవాళే అమ్ముకోమను.

దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదని అడిగావు. డాక్టరు ఇంటికే వచ్చాడు. సూదులు వేస్తే నాలుగు రోజులు లాగొచ్చు, వేయమంటావా అని అవ్వనే అడిగాడు. వద్దని తల ఊపింది. నీకేం కావాలని ఆమెను అడిగింది అంతమందిలో ఆయనొక్కడే.

ఇక తంతి సంగతి. ఆలస్యమైందని తపాలావాళ్లను తిట్టావు. వాళ్ల తప్పేమీ లేదు. మామ వెళ్లగానే నీకు తంతి కొట్టించడానికి లేచాను. అవ్వ నా కొంగు పట్టుకుంది.

"వాడు మంచోడే గని మామ మాట దాటడు. అస్తే నన్ను కింద పండవెడ్తడు. నేను పోయినంక పిలువు."

నిన్ను చూడాలని ఎంత ఏడ్చిందో నేను చూశాను. అయినా నిన్ను రానివ్వలేదు.

ఇట్లు,
అవ్వ మాట విన్న నీ చెల్లెలు
అనసూర్య