ఆయన దిండు మీద వాన

ఆషాఢం, బుధవారం రాత్రి. మెట్‌పల్లి.

మా ఇంటి బల్లులకు, ఎలుకలకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, పెంకులు తిరగేసే మనిషి ఈ ఏడు కూడా దుబాయిలోనే ఉండిపోయినందున, ఎవరి గొడుగు వారే తెచ్చుకోవలెను.

ఏటా వానలకు ముందు మా ఆయన ఇంటిపైకెక్కి, పెంకులన్నీ తీసి దులిపి, పగిలినవి మార్చి మళ్లీ కప్పేవాడు. ఇప్పుడు అక్కడ పరాయివాళ్లకు స్లాబులు పోస్తున్నాడు. సాయంత్రం ఇక్కడ వాన పడుతుండగానే ఫోన్ చేశాడు.

"ఇల్లు ఏడ ఉరుస్తుందే?"

"సక్కగ నీ దిండు మీదనే."

"మంచం పక్కకు గుంజు."

"గుంజీ గుంజీ గోడకు తాకింది. ఇగ గోడను గుంజాల్నా?"

"పెంకలు తీసేసి రేకులు ఏయించరాదు?"

"పక్కింటి రాజవ్వ రేకులు తుప్పువట్టి జల్లెడయినయ్. మా అన్న స్లాబు పెచ్చులూడి అన్నంల పడుతున్నయ్. పెంకనైతే ఏటా ఒక్కసారి చెయ్యి తాకితే సాలు, మనం పోయినా ఉంటది."

"వచ్చే ఎండకాలం వస్త తియ్."

"నిరుడు గిదే అన్నవ్. గా మాట గూడ తుప్పువట్టింది."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "దిండు బాగ నానిందా?" అని మెల్లగా అడిగాడు.

"పిండితే బిందె నిండుతది" అన్నాను.

ఇల్లు కారేది పొయ్యి దగ్గర ఒక్కచోటే. అక్కడ గిన్నె పెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. దిండు కథంతా నేను అల్లిందే. ఇప్పుడే తడిమి చూశాను. పొడిగానే ఉంది.