చప్పుడు పట్టీ

ప్రొద్దుటూరు,
ఆదివారం.

ఓబులేసు బావకు,

పులివెందులలో దాక్కుని నువ్వు పంపిన కబురు అందింది. చూపులేని నీ కూతురు సుగుణకు బడిలో చేతికి కట్టిన పట్టీ, చెయ్యి కదిపినప్పుడల్లా మోగుతుంది కాబట్టి, బిడ్డ ఎక్కడుందో ఎదుటి పార్టీకి తెలిసిపోతుందట, తీసేయాలట! ఇంత తెలివితక్కువ మాట నేనెక్కడా వినలేదు. ఆ మోతతోనే కదా, తన చెయ్యి ఎటుందో, అదే పట్టీ ఎదుటి మనిషికి కడితే ఆ మనిషి ఎంత దూరంలో ఉన్నాడో బిడ్డకు తెలిసేది!

నిన్నేం జరిగిందో విను. నీ తలకోసం తిరిగే జమ్మలమడుగు చెన్నకేశవులు, అదే బడిలో చదివే తన కొడుకును చూడడానికి వచ్చాడు. పిల్లలు ఆటకోసం సుగుణ పట్టీ విప్పి ఆయన చేతికి కట్టి ఉరకమన్నారు. సుగుణ ఆ మోత వెంట పరిగెత్తి ఆయన పంచె పట్టుకుంది.

"యాడికి పోతాండావు మామా? దొరికిపోయినావు!"

ఎవరి బిడ్డో తెలిసీ ఆయన, "ఇంగోసారి పట్టుకో తల్లీ, సూస్తా" అని మళ్ళీ ఉరికాడు. బావా, నాకింకా నవ్వు ఆగడం లేదు, నీమీద కోపమూ ఆగడం లేదు.

"నాయన్ను ఎప్పుడు పట్టుకునేది?" అని సుగుణ పొద్దుటినుంచి నా ప్రాణం తీస్తోంది. పట్టీ తీసేది లేదు. ఇన్నేళ్ళూ పోలీసులకు దొరకలేదు, పగవాళ్ళకు దొరకలేదు. ఒక్కసారి వచ్చి బిడ్డకు దొరుకు.

నీ బావమరిది